ఆన్‌కు ఒక కోడు, ఆఫ్‌కు ఒక కోడు
బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్ జనరల్ గారికి,



నిజామాబాద్ జిల్లా బాల్కొండలో టీవీలు, హోమ్ థియేటర్లు బిగించి, చెడిపోతే బాగుచేసే మనిషిని నేను. గోడ మీంచి ఏ టీవీని దించినా దాని వీపు మీద మీ సంస్థ ముద్ర కనబడుతుంది. ఐఎస్ 616 అని, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు. ఎలక్ట్రానిక్ వస్తువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ 2012లో కేంద్రం తెచ్చిన ఉత్తర్వు పుణ్యం అది. షాక్ కొట్టకూడదు, నిప్పంటుకోకూడదు, వేడికి పెట్టె కరగకూడదు. ఆ నంబరు ఇచ్చే హామీ ఇదే. అది లేని రోజుల్లో వచ్చిన టీవీలను కూడా విప్పినవాణ్ని కాబట్టి దాని విలువ నాకు తెలుసు.

నా పేచీ టీవీ వీపుతో కాదు. దాని ముందు కూర్చున్న మనిషి చేతిలోని రిమోట్‌తో. ఆ రిమోట్ ఎలా ఉండాలో, దాన్ని వాడే మనిషికి ఏ వెసులుబాటు ఉండాలో చెప్పే మాట ఆ స్టిక్కరులో ఒక్కటీ లేదు.

మా ఊళ్లో ఇంతమందికి హోమ్ థియేటర్లు ఎక్కడివని మీకు అనుమానం రావచ్చు. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్మూరు దాటి నిర్మల్ వైపు వస్తుంటే మేం తగులుతాం. పసుపు, మక్కలు పండే నేల, పక్కనే పోచంపాడు ప్రాజెక్టు నీళ్లు. అయినా ఇక్కడ స్లాబ్ ఇళ్లు లేపింది చాలావరకు గల్ఫ్ పైసలే. బాల్కొండ, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, భీంగల్, వేల్పూర్ మండలాల్లో దుబాయో మస్కటో దోహానో పోని మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. వాళ్లు ఒకప్పుడు వచ్చేటప్పుడు టీవీని దుప్పట్లో చుట్టి బ్యాగేజీలో తెచ్చేవారు. 2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ టీవీలకు ఆ మినహాయింపు పోయి 36.05 శాతం సుంకం పడ్డాక మోసుకురావడం తగ్గింది. ఇప్పుడు అక్కడి నుంచి పైసలు పంపి ఇక్కడ కొనిపిస్తున్నారు. కొడుకు ఫోన్లో మాట్లాడుతాడు, పెట్టెలు ఇంటికి దిగుతాయి, నేను పోయి బిగిస్తాను. హాల్లో 55 అంగుళాల తెర, ఐదు స్పీకర్లు, మూలకు ఒక సబ్‌వూఫర్. ఆ హాల్లో ఉండేది మాత్రం ఇద్దరే. చెవులు మందగించిన తండ్రి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేసే తల్లి.

కంపెనీలు రిమోట్ గీసేటప్పుడు వాళ్ల కళ్ల ముందు ఉండే మనిషి ఎవరో నాకు తెలియదు. ఈ ఇద్దరు మాత్రం కాదు.

ముందు రిమోట్ల లెక్క చూడండి. కేబుల్ డిజిటల్ చేయడానికి పల్లెలకు పెట్టిన ఆఖరి గడువు 2017 మార్చి 31. అంతకుముందు వైరు నేరుగా టీవీలోకి పోయేది, ఒక్క రిమోట్‌తో గడిచేది. ఆ తర్వాత సెట్ టాప్ బాక్స్ వచ్చింది, రెండో రిమోట్ వచ్చింది. హోమ్ థియేటర్‌తో మూడోది. ఊళ్లో అసెంబుల్ చేయించుకున్న సెట్టయితే ఆ మూడోది కార్డు రిమోట్. నాణెం బ్యాటరీతో నడిచే పలుచటి ముక్క మీద 21 బటన్లు ఉంటాయి. అందులో రెండింటి మీద 100+, 200+ అని రాసి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో వంద పాటలు దాటి ముందుకు దూకడానికి ఉద్దేశించినవి. వాటిని పని కోసం నొక్కిన మనిషిని నేనింతవరకు చూడలేదు. పొరపాటున నొక్కి, పాట ఎటు పోయిందని నా దుకాణానికి వచ్చినవాళ్లు మాత్రం బోలెడుమంది.

ఈ మూడింటినీ ఒక తెర మీదికి తేవాలన్న కోరిక నాది కాదు, పాతది. 1998లో ఫిలిప్స్ కంపెనీ ప్రాంటో అనే టచ్ రిమోట్ తెచ్చింది. 320 x 240 చుక్కల తెర, రంగులు లేవు, బూడిద ఛాయలే. అయినా అందులో ఒక గొప్ప గుణం ఉంది. ఏ పేజీలో ఏ బటన్ ఉండాలి, ఎంత పెద్దగా ఉండాలి, నొక్కితే ఏ కోడు పోవాలి అన్నది కొన్నవాడే కంప్యూటర్ ముందు కూర్చుని గీసుకోవచ్చు. దాంతో దేశదేశాల్లో సినిమా పిచ్చివాళ్లు తమ ఇంటికి తగ్గ తెరలు గీసుకుని, ఒకరితో ఒకరు పంచుకున్నారు. 2010 నాటికి ఫిలిప్స్ ఆ వ్యాపారం చాలించుకుంది. లాజిటెక్ వాళ్ల హార్మొనీ రిమోట్లు మరో దారి పట్టాయి. పరికరం పేరు కాకుండా చేసే పని పేరు ఉంటుంది, "సినిమా చూడు" అని నొక్కితే కావాల్సినవన్నీ వరుసగా వెలుగుతాయి. 2021 ఏప్రిల్‌లో వాటి తయారీ కూడా ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఇక క్రెస్ట్రాన్, కంట్రోల్4 లాంటివి ఉన్నాయి. అవి గోడలో ప్యానెల్ పొదిగించుకునే విల్లాల సంగతి. ఆ తెరలు గీయడానికి ప్రత్యేకంగా ప్రోగ్రామర్లు ఉంటారు.

మా దగ్గర ఆ ప్రోగ్రామర్ పని నేను చేస్తున్నాను. షావోమీ లాంటి కంపెనీల కొన్ని ఫోన్లకు నెత్తిన ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఉంటుంది. ఇంట్లో మూలకు పడేసిన అలాంటి పాత ఫోను తెమ్మంటాను. సిమ్ము తీసి, ఉన్నవన్నీ తుడిచేసి, ఒక్క రిమోట్ తెర మాత్రం నిలుపుతాను. ఆ తెర ఇంటిని బట్టి మారుతుంది. మీకు రాయాల్సి వచ్చిందీ ఆ తెరలు గీయబట్టే.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది పవర్ బటన్. చాలా రిమోట్లలో ఆన్‌కూ ఆఫ్‌కూ ఒకే కోడు. ఆగి ఉంటే లేస్తుంది, లేచి ఉంటే ఆగుతుంది. మనిషి టీవీని చూస్తూ నొక్కినంత కాలం ఇబ్బంది లేదు. టచ్ తెర మీద "సినిమా" అని ఒక్క బటన్ పెట్టి, దాని వెనక మూడు పవర్ కోడ్లు పేర్చామనుకోండి, అసలు గొడవ అప్పుడు మొదలవుతుంది. తెరకు ఏది వెలుగుతోందో, ఏది ఆగిందో తెలియదు. ఇన్‌ఫ్రారెడ్ ఒకవైపు మాటే, జవాబు రాదు. కరెంటు పోయి వచ్చిందంటే టీవీ ఎర్ర లైటు పెట్టుకుని పడుకుంటుంది, సెట్ టాప్ బాక్స్ తనంతట తాను లేస్తుంది, ఆంప్లిఫయర్ ఆగి ఉంటుంది. ఇప్పుడు "సినిమా" నొక్కితే టీవీ లేచి, బాక్స్ ఆగి, ఆంప్లిఫయర్ లేస్తుంది. మళ్లీ నొక్కితే అన్నీ తారుమారు. కిసాన్‌నగర్‌లో ఒక పెద్దాయన నాకు ఫోన్ చేసి, "గిది ఒత్తితె గది బంద్ అయితాంది, గది ఒత్తితె గిది బంద్ అయితాంది, నడుమ నన్ను పిచ్చోణ్ని జేస్తున్నవా పటేలా?" అన్నాడు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. తప్పు తెరలో లేదు, కోడులో ఉంది.

దీనికి మందు ఉంది. ఆన్‌కు విడిగా ఒక కోడు, ఆఫ్‌కు విడిగా ఇంకో కోడు ఉండాలి. ఆన్ కోడు ఎన్నిసార్లు పంపినా పరికరం లేచే ఉంటుంది, ఆఫ్ కోడు ఎన్నిసార్లు పంపినా ఆగే ఉంటుంది. తమాషా ఏమిటంటే, చాలా టీవీల్లో, ఆంప్లిఫయర్లలో ఈ రెండు కోడ్లు లోపల ఉంటాయి. రిమోట్ మీద వాటికి బటన్ ఉండదు, పుస్తకంలో ముక్క ఉండదు. సర్వీసు వాళ్లకో, పెద్ద హోటళ్లకు బిగించేవాళ్లకో తెలుస్తుంది. ప్రాంటో రోజుల్లో ఔత్సాహికులు ఈ దాచిన కోడ్లను ఒక్కొక్కటి పంపి చూసి బయటికి లాగారు. నేనూ అదే పని చేస్తుంటాను. దుకాణం కట్టేశాక టీవీ ముందు కూర్చుని సున్నా నుంచి 255 దాకా వరుసగా పంపుతూ పోవడమే. ఏదో ఒక నంబరు దగ్గర టీవీ లేస్తుంది, మళ్లీ అదే పంపితే ఆగదు. ఆ నంబరు డైరీలో రాసుకుంటాను. మా ఊళ్లో బంగారం కొన్న లెక్కలు కూడా అంత జాగ్రత్తగా రాయరు.

సున్నా నుంచి 255 అని ఎందుకన్నానో చెప్పాలి. ఎక్కువగా వాడే ఎన్‌ఈసీ పద్ధతిలో రిమోట్ నొక్కగానే సెకనుకు 38 వేల సార్లు మినుకుమినుకుమనే కిరణం 9 మిల్లీసెకన్ల పాటు వెలుగుతుంది, 4.5 మిల్లీసెకన్లు ఆగుతుంది, ఆ తర్వాత 32 బిట్లు పోతాయి. మొదటి 8 ఎవరికి అన్నది, తర్వాతి 8 దాని తలకిందులు. ఆ తర్వాతి 8 ఏ పని అన్నది, ఆఖరి 8 దాని తలకిందులు. మీకు వీలుంటే ఫోన్ కెమెరా తెరిచి రిమోట్ ముక్కు దగ్గర పెట్టి బటన్ నొక్కి చూడండి, ఊదారంగు వెలుగు కనబడుతుంది. పనికి 8 బిట్లు ఉన్నాయంటే 256 పనులకు చోటుందని అర్థం. పెద్ద రిమోట్ మీద కూడా మామూలుగా 40, 50 బటన్లు మించవు. కాబట్టి ఇంకో రెండు కోడ్లు ఇవ్వడానికి ఖర్చవుతుందని ఏ కంపెనీ అయినా మీ కమిటీ ముందు చెబితే నమ్మకండి. కొత్త చిప్పు అక్కర్లేదు, ప్లాస్టిక్ మీద కొత్త బటన్ కూడా అక్కర్లేదు. కోడు పనిచేయాలి, కోడ్ల పట్టిక నాలాంటివాడికి దొరకాలి. అంతే.

ఇక చేతుల సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఢిల్లీలో దీన్ని చెప్పేవాళ్లు తక్కువ.

మా జిల్లాలో వేలమంది ఆడవాళ్లు బీడీలు చేస్తారు. తడిపిన తునికాకును అచ్చు రేకు పెట్టి కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి ముడిచి, దారం కడతారు. లెక్క వెయ్యి బీడీలకు. టీవీ ముందు కూర్చుంటే పని ముందుకు సాగుతుంది కాబట్టి సీరియళ్లు నడుస్తూ ఉంటాయి. కాని ఆమె టీవీని చూడదు. వింటుంది. చూపు చాట మీద ఉంటుంది. ఎడమ చేతిలో ఆకు, కుడి చేతిలో కత్తెరో తంబాకో ఉంటుంది. ప్రకటనలు రాగానే సౌండ్ పెరుగుతుంది, అప్పుడు చిటికెన వేలితోనో, మణికట్టుతోనో పక్కనున్న రిమోట్ తడిమి తగ్గిస్తుంది. రబ్బరు బటన్ల రిమోట్‌తో ఇది కుదురుతుంది. 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది, సౌండ్ బటన్ పొడుగ్గా ఉంటుంది, వేలికి తెలుస్తుంది. నున్నటి గాజు తెర మీద వేలికి ఏం తెలుస్తుంది? పైగా నేటి ఫోన్ల తెర చర్మంలోని విద్యుత్తును పసిగట్టి పనిచేస్తుంది. తడి వేలితో తికమకపడుతుంది, కాయలు కాసి ఎండిన వేలిని గుర్తుపట్టదు. గోరును అసలే లెక్కచేయదు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో మగవాళ్ల చేతులదీ ఇదే గతి.

అందుకని నేను గీసే తెరల్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. వేలు చూడకుండా పట్టుకోగలిగేవి ఫోను అంచులు, నాలుగు మూలలు మాత్రమే. కాబట్టి సౌండ్‌ను కుడి అంచు వెంట పై నుంచి కింది దాకా పెడతాను, పై సగం పెంచడానికి, కింది సగం తగ్గించడానికి. బంద్ ఎడమ పై మూలకు. నడుమ భాగం చూసి నొక్కే వాటికి. ఫోను యాప్‌ల బటన్లకు ఆండ్రాయిడ్ వాళ్లు చెప్పే కనీస కొలత 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. అది చూస్తూ నొక్కేవాళ్లకు సరిపోతుంది. నా బటన్లు దానికి రెండింతలకు తక్కువ ఉండవు. నొక్కగానే ఫోను వణకాలి, సౌండ్‌కు ఒక వణుకు, బంద్‌కు రెండు. టెంపర్డ్ గ్లాసు మీద సౌండ్ బటన్ నడుమ గోళ్ల రంగు చుక్క వేసి ఆరబెడతాను, గట్టిపడ్డాక అదే బొడిపె.

వన్నెల్‌లో ఒక పెద్దమ్మకు తెర గీస్తూ, ఏమేం కావాలని అడిగాను. "నాకు నాలుగే గావాలె బిడ్డా. సీరియలు, వార్తలు, సౌండు, బంద్. కడమయన్ని నీ దగ్గరనే వెట్టుకో" అంది. నాలుగే పెట్టాను. ఆమె భర్త కోసం రెండో పేజీలో ఒక బటన్ చేర్చాను, దాని పేరు "మాటలు". ఆయనకు సినిమాలో పాటలు, ఫైటింగులు చెవులు పగిలేలా వినబడతాయి, మాటలు వినబడవు. 5.1 పద్ధతిలో మనుషుల మాటలు ఎక్కువగా నడిమి స్పీకర్ నుంచి వస్తాయి. ఆ ఒక్క స్పీకర్‌ను పెంచి సబ్‌వూఫర్‌ను తగ్గిస్తే ముసలి చెవికి ఎంతో తేడా. ఈ సదుపాయం ఆంప్లిఫయర్‌లో ఉండనే ఉంది, కాకపోతే మెనూలో నాలుగు గడపలు దాటి లోపలికి పోవాలి, అదీ ఇంగ్లిష్‌లో. బయటికి తెచ్చి ఒక బటన్ చేశాను, అంతే. వాళ్ల కొడుకు షార్జాలో ఉంటాడు. వాట్సాప్‌లో తెర ఫొటో చూసి, "అన్నా, నాయన బటన్ మొదటి పేజీల వెట్టు, గాయిన పేజీలు తిప్పడు" అన్నాడు. మార్చి ఇచ్చాను. టచ్ తెర గొప్పతనం నా దృష్టిలో ఇక్కడే ఉంది. ప్లాస్టిక్ రిమోట్‌లో ఇది సాధ్యం కాదు.

ప్లాస్టిక్ మీద అచ్చేసినవి ఎలా ముసలివవుతాయో చూడండి. 2025 ఫిబ్రవరిలో డిస్నీ ప్లస్ హాట్‌స్టార్, జియో సినిమా కలిసిపోయి జియోహాట్‌స్టార్ అయ్యాయి. అంతకుముందు అమ్మిన రిమోట్ల మీద పాత పేరు అలాగే ఉండిపోయింది. అసలు ఆ రంగు బటన్లు ఇంటివాళ్ల కోసం పెట్టినవి కావు, ఓటీటీ కంపెనీలు టీవీ కంపెనీలతో బేరం కుదుర్చుకుని వేయించుకునేవి. 2020 నుంచి తెలుగు ఓటీటీ ఆహా ఉంది, మా వాడకట్టు పిల్లలు అదే చూస్తారు. నా బల్ల మీదికి వచ్చిన రిమోట్లలో దానికి బటన్ నాకు కనబడలేదు. ఇంట్లో ఎవరూ డబ్బు కట్టని ఓటీటీకి బొటనవేలి కింద చోటు, రోజూ చూసే దానికి మూడు మెనూల వెనక చోటు. టచ్ తెరలు వస్తే ఇది పోతుందని మురిసిపోనక్కర్లేదు. కంపెనీయే గీసి తాళం వేస్తే, అమ్ముడుపోయే చోటు ప్లాస్టిక్ నుంచి గాజు మీదికి మారుతుంది. అంతకంటే ఏం జరగదు.

అక్షరాల గురించి ఒక్క మాట. 1991లోనే ఐఎస్ 13194తో తెలుగు అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలు ఖాయం చేసిన సంస్థ మీది. ఆ సంకేతాలు, ఆ తర్వాత యూనికోడు, మండలి, నోటో లాంటి ఉచిత ఫాంట్లు అన్నీ ఉన్నాయి. అయినా ఇంగ్లిష్ అక్షరం ఎత్తుకు కొలిచి గీసిన బటన్‌లో తెలుగు పెడితే పైన గుడులు, కింద ఒత్తులు తెగిపోతాయి. "తగ్గించు" అన్న బటన్‌లో గ కింది ఒత్తు మాయమై "తగించు" అని కూర్చుంటుంది. "వార్తలు" అన్నదాంట్లో త ఒత్తు సగం అంచు కింద దాక్కుంటుంది. తెలుగుకు వరుస ఎత్తు ఎక్కువ కావాలి. బటన్ గీసేవాడు ముందే "క్ష్మీ", "స్త్రీ" లాంటివి పెట్టి చూసి పెట్టె కొలిస్తే తర్వాత ఏదీ తెగదు. నేను అలాగే చేస్తాను.

మొబైల్ ఫోన్లకు మీరు ఈ పని చేశారు. ఐఎస్ 16333 మూడో భాగం ప్రకారం ఇక్కడ అమ్మే ఫోనులో రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లోనూ సందేశం చదవగలగాలి, ఇంగ్లిష్, హిందీలతో పాటు కనీసం ఇంకో భారతీయ భాషలో రాయగలగాలి. మరి ఫోనుకున్నది టీవీ రిమోట్ తెరకు ఎందుకు లేదు? దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, అందరికీ అనువుగా ఉండే వస్తువుల తయారీని ప్రోత్సహించాలని అందులో 43వ సెక్షన్ చెబుతుంది. ఐటీ వస్తువులు అందరికీ అందుబాటులో ఉండాలని మీరే ఐఎస్ 17802 తెచ్చారు, 2021లో ఒక భాగం, 2022లో ఇంకో భాగం. దానికి దగ్గరి చుట్టమైన ఐరోపా ప్రమాణం ఈఎన్ 301 549లో నాకు నచ్చిన నియమం ఒకటుంది. ఏ బటన్ ఎక్కడుందో కంటితో చూడకుండా, దాన్ని నొక్కేయకుండా తెలుసుకునే దారి ఉండాలన్నది. చూపు లేనివాళ్ల కోసం రాసిన నియమం అది. చూపును చాటకు అప్పగించిన మా ఆడవాళ్లకూ అచ్చంగా సరిపోతుంది. టీవీలోనే శాటిలైట్ ట్యూనర్ పెట్టడానికి 2022లో ఐఎస్ 18112 తెచ్చారు, డిష్ ఉంటే చాలు ఉచిత ఛానళ్లకు వేరే బాక్స్ అక్కర్లేదు. అంటే ఒక రిమోట్ తగ్గించే ఆలోచన మీకు కొత్త కాదు.

నేను అడిగేది ఇప్పుడు సూటిగా చెబుతాను. టీవీ, సెట్ టాప్ బాక్స్, హోమ్ థియేటర్ ఏదైనా సరే, ఆన్‌కు, ఆఫ్‌కు, ప్రతి ఇన్‌పుట్‌కు విడివిడి కోడు ఉండాలని, ఆ పట్టికను అమ్మినవాడు బహిరంగంగా పెట్టాలని ప్రమాణం రాయండి. టచ్ తెర ఉన్న రిమోట్ అయినా, రిమోట్‌గా పనిచేసే యాప్ అయినా, తెర మీద ఏముండాలో, ఎంత పెద్దగా ఉండాలో, ఏ భాషలో ఉండాలో ఇంటివాళ్లు మార్చుకోగలగాలి. అలా మార్చిన తెరను ఫైలుగా బయటికి తీసి ఇంకొకరికి ఇవ్వగలగాలి. కంపెనీ సర్వర్ లేకపోయినా, ఆ కంపెనీయే లేకపోయినా అది నడవాలి. మిగతావి నేను, నాలాంటివాళ్లు చూసుకుంటాం. మంచి తెర ఎలా ఉండాలో మీరు గీసి ఇవ్వనక్కర్లేదు. వన్నెల్ పెద్దమ్మకు పనికొచ్చిన తెర బోధన్‌లో ఇంకొకరికి పనికిరాదు. అందుకే గీసుకునే వీలు అడుగుతున్నాను.

హెచ్‌డీఎంఐ కేబుల్‌తోనే పరికరాలు మాట్లాడుకునే సీఈసీ పద్ధతి 2002 నుంచే ఉంది కదా అని కంపెనీలు అంటాయి. ఉంది. దాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో అమ్ముతుంది, ఒకరి పరికరం ఇంకొకరిదాంతో సగం మాటలే మాట్లాడుతుంది, ఊళ్లో చేయించిన ఆంప్లిఫయర్‌కు ఆ పోర్టే ఉండదు. నోటితో చెబితే వినే రిమోట్లు వచ్చాయి కదా అని కూడా అంటాయి. ఐదు స్పీకర్లు మోగుతున్న హాల్లో, మా ఊరి యాసలో, ఒకసారి చెప్పి చూడమనండి.

టచ్ రిమోట్ అంటే నాకు గుడ్డి మోజు లేదని కూడా చెప్పాలి. రోజూ చార్జింగ్ పెట్టాలి, పెట్టడం మరిస్తే ఆ సాయంత్రం సీరియల్ పోయినట్టే. 1956లో జెనిత్ కంపెనీ కోసం రాబర్ట్ ఆడ్లర్ చేసిన స్పేస్ కమాండ్ రిమోట్‌లో అసలు బ్యాటరీయే లేదు. నొక్కితే లోపలి అల్యూమినియం కడ్డీ మోగేది, మనిషి చెవికి అందని ఆ మోతను టీవీ పట్టుకునేది. ఆ లెక్కన మనం ముందుకు వచ్చామో వెనక్కి పోయామో మీరే చెప్పాలి. నేనైతే పాత రిమోట్లను పారేయొద్దని, సెల్లులు తీసి బీరువాలో పెట్టమని ప్రతి ఇంట్లో చెప్పే వస్తాను.

ముసాయిదా రాసి జనం అభిప్రాయం అడిగేటప్పుడు దాన్ని తెలుగులో కూడా పెట్టండి. ల్యాబులో పరీక్ష ఎలా చేయాలని మీ ఇంజనీర్లు అడిగితే నా దగ్గర రెండు ఉన్నాయి. మొదటిది, టీవీ, బాక్స్, ఆంప్లిఫయర్ మూడింటినీ తీసుకోండి. ఒక్కోటి వెలిగి ఉండొచ్చు, ఆగి ఉండొచ్చు, మొత్తం ఎనిమిది రకాలు వస్తాయి. ఎనిమిదింట్లోనూ "బంద్" ఒక్కసారి నొక్కితే మూడూ ఆగి ఉండాలి. ఇప్పటి ఒకే కోడు పద్ధతిలో, మూడూ వెలిగి ఉన్న ఒక్క రకంలో మాత్రమే అది జరుగుతుంది, మిగతా ఏడింట్లో ఏదో ఒకటి లేచి కూర్చుంటుంది. రెండోది, రోజూ బీడీలు చేసే ఒకామెను పిలిచి, పనికి కూలి ఇచ్చి, చాట ముందు పెట్టి, తెర కొత్తగా చేతికివ్వండి. నాలుగు బీడీలు చుట్టేలోపు ఆమె చూపు ఎత్తకుండా సౌండ్ తగ్గించగలిగితే ఆ తెర పాసు.

ఇట్లు,
టీవీ, హోమ్ థియేటర్ మెకానిక్,
బాల్కొండ, నిజామాబాద్ జిల్లా